ఋణము తీరిన పిమ్మట

బెంగుళూరు మహానగరమున కంప్యూటరు కొలువులలో కుదురుకొన్న యువకులు నలుగురు కూడినచోట ఈ కాలమున తరచుగా వినవచ్చు మాట ఆర్థిక స్వాతంత్ర్యము. ఇంత ధనము కూడబెట్టితిమేని ఇక జీతము కొరకు ఎవరి కొలువును చేయనక్కరలేదు, నచ్చని యజమానికి నమస్కరింపనక్కరలేదు అను స్థితికి వారు పెట్టుకొన్న పేరది. ఆ ధనమెంతయో వారికి లెక్కయు కలదు: ఏటి ఖర్చునకు ఇరువదియైదింతలు. 1994లో విలియం బెంగెన్ అను అమెరికా ఆర్థిక సలహాదారు ఆ దేశపు షేర్లు, బాండ్లు పూర్వకాలమున ఇచ్చిన రాబడులను పరిశీలించి, మొదటి యేట నిధిలో నూటికి నాలుగు వంతులు తీసికొని, అటుపైన ధరల పెరుగుదలను బట్టి ఆ మొత్తమును సవరించుకొనుచు పోయినచో ముప్పదియేండ్ల వరకు నిధి అడుగంటదని చెప్పిన సూత్రమే ఈ లెక్కకు మూలము. ఈ కోరికను తేలికగా త్రోసివేయుట నాకు న్యాయముగా తోపదు. పరాధీనమైనదెల్ల దుఃఖమనియు, స్వాధీనమైనదెల్ల సుఖమనియు మన స్మృతికారులును చెప్పియున్నారు. ఒకరి కనుసన్నలలో దినమెల్ల గడపవలసిన మనుష్యుడు తన దినము తనదిగా కావలెనని కోరుట పాపము కాదు, సోమరితనమును కాదు.

అయితే ఆ బెంగుళూరు నుండి 44వ నంబరు జాతీయ రహదారి వెంట ఉత్తరముగా ఇంచుమించు నూరు కిలోమీటర్లు వచ్చి, కొడికొండ చెక్‌పోస్టు కడ ఆంధ్రదేశమున అడుగిడి, చిలమత్తూరు మండలపు ఎర్రనేలలలో నిలిచి ఆ ప్రశ్ననే మరల వేసికొని చూడవలెను. ఇచ్చట అది వేరొక ముఖముతో మనకెదురగును.

మహాభారతమున అరణ్యపర్వపు చివర, మడుగు గట్టున తమ్ములు నలుగురును విగతజీవులై పడియుండగా యక్షుడు ధర్మరాజును అడిగిన ప్రశ్నలలో సుఖించువాడెవడు అనునది యొకటి. రాజ్యము పోగొట్టుకొని పండ్రెండేండ్లు అడవులలో తిరిగిన ఆ రాజు ఇచ్చిన సమాధానమున సింహాసనము లేదు, కోశాగారము లేదు, స్వర్గమును లేదు. పొద్దు వాలిన పిమ్మటనైనను తన యింట తాను ఆకుకూర వండుకొని, ఒకరికి అప్పు పడక, పరదేశమునకు పోక ఉండగలవాడే సుఖి యని ఆయన పలికెను. పండితులు దీనిని సంతృప్తికి దృష్టాంతముగా వ్యాఖ్యానించుట పరిపాటి. చిలమత్తూరు రైతు విన్నచో మాత్రము, తన బ్రతుకున కొరవడిన రెండింటిని పేరుపెట్టి చెప్పిన మాటగానే వినును. అప్పు, వలస: ఈ పీఠభూమిలో ఒకదాని వెంట ఒకటి నడచు జంట యివి.

పడమటి కనుమల చాటున ఉండుటచే నైరుతి ఋతుపవనము తన తేమను చాల భాగము వెనుకనే విడిచి ఇచ్చటికి వచ్చును. తూర్పు సముద్రము దూరమగుటచే ఈశాన్య ఋతుపవనమును నిండుగా చేరదు. అనంతపురపు సీమకు ఏటి సగటు వర్షపాతము ఇంచుమించు 550 మిల్లీమీటర్లు; అదియును పైరడిగిన దినమున గాక తనకు తోచిన దినమున కురియును. మెట్టలో ప్రధానమైన పైరు వేరుశనగ. ఊరివారి నోట అది చెనక్కాయ. కొర్రలకు, రాగులకు కొద్దిపాటి విత్తనము చాలును. చెనక్కాయకు బస్తాలతో కొనవలసివచ్చును. పదునైన వాన పడిన మూడు నాలుగు దినములలోనే గొర్రు కట్టి విత్తవలెను, ఎర్రనేలలో పదును అంతకంటె నిలువదు. ఆ వేళకు రైతు చేత డబ్బుండదు. ఉన్నది వడ్డీకిచ్చువాని యింట. నూటికి నెలకు మూడు రూపాయలనగా ఏడాదికి నూటికి ముప్పదియారు. ఇక పూత వచ్చి ఊడలు నేలలోనికి దిగు వేళ వాన ముఖము చాటు చేసెనా, పైన ఆకు పచ్చగానే కనిపించుచుండగా క్రింద కాయ ఊరదు. మొక్కను పెరికి చూచువరకు ఆ సంగతి బయటపడదు. రైతు ఒక మొక్కను పెరికి, వేళ్లలోని మట్టి దులిపి, ఉన్న కాయలను బొటనవ్రేలితో ఒకదాని తరువాత ఒకటిగా నొక్కి చూచును. లొట్టకాయ నొక్కగనే చదునగును. ఆ క్షణమున అతని మనస్సులో నడచు లెక్కలో ఎకరము దిగుబడి లేదు, మార్కెట్టు ధర లేదు, ముప్పదియారే యున్నది. ఆ అప్పును తీర్చుటకని బోరు వేయించును. బోరు కొరకు మరియొక అప్పు. బోరు ఎండిన పిమ్మట కొడికొండ కడ బస్సెక్కి బెంగుళూరునకు బేల్దారి పనికి పోవును. ఏ అపార్టుమెంటులో కూర్చుండి ఒకడు ఇరువదియైదింతల లెక్క వేయుచున్నాడో, ఆ గోడకు ఇటుకలు మోసిన భుజము చిలమత్తూరు చేనిది కావచ్చును.

ఇట్టివానికి ఫలమునందాసక్తి విడిచి కర్మ మాచరింపుమని గీతను బోధించువారు కలరు. వారి భక్తియందు నాకు సందేహము లేదు గాని, ఆ బోధ తగినచోట జరుగుచున్నదా అను విషయమున కలదు. ఫలము తన చేతిలో లేదను తత్త్వమును మెట్టరైతునకు ఎవరును చెప్పనక్కరలేదు; తాతల నాటినుండి మేఘము వంక చూచి విత్తినవాడు ఆ పాఠమును ఏ భాష్యమును చదువకయే నేర్చెను. అయినను ఫలమును ఈశ్వరార్పణము చేయుట వేరు, విత్తకమునుపే దానిని వడ్డీవ్యాపారికి వ్రాసియిచ్చుట వేరు. మొదటిదానిలో అర్పించువాడొకడున్నాడు, అర్పించుటకు తనదైన వస్తువొకటి యున్నది, అర్పింపకుండుటకును అతనికి స్వేచ్ఛ యున్నది. రెండవదానిలో ఈ మూడును లేవు. తనది కానిదానిని త్యజించుట యెట్లు? భయముచే వంగిన నడుమును వినయమని పొగడినట్లు, అప్పుచే కోల్పోయిన ఫలమును వైరాగ్యమని పొగడినచో శాస్త్రమునకును అపచారము, రైతునకును అపచారము. కావున నిష్కామకర్మకు ఋణవిముక్తి పూర్వాంగమని నేను నమ్ముచున్నాను. పురుషార్థములను వరుస పెట్టునపుడు మన పెద్దలు అర్థమును మోక్షమునకు శత్రువుగా గాక, ధర్మము వెంటనే దానికి తోడుగా నిలుపుటలో ఈ యెరుక ఉన్నదనియే నా యభిప్రాయము.

మరి ఋణగ్రస్తునకు స్వాతంత్ర్యము ఏ రూపమున మొదట దర్శనమిచ్చును? నిధి రూపమున గాదు. కాదనగల శక్తి రూపమున. 2006 ఫిబ్రవరి 2వ తేదీన ఈ అనంతపురపు సీమలోనే, నార్పల మండలపు బండ్లపల్లిలో, జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకమును నాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ ప్రారంభించెను. కుటుంబమునకు ఏటికి నూరు దినముల పని హక్కు, స్త్రీపురుషులకు సమానమైన కూలి అని 2005 నాటి ఆ చట్టము పలికెను. జనులు ఆ పొడుగాటి పేరును విడిచి దానిని కరువు పని అనిరి. నూరు దినముల కూలితో ఎవడును ధనవంతుడు కాడు. అయినను, వేరొక చోట పని దొరకునను ధైర్యము కలిగిన నాడు, ఆసామి యిచ్చు కూలి తక్కువైనపుడు ఆ కూలికి రానని చెప్పుటకు ఒక స్త్రీకి నోరు వచ్చెను. ఈ కాదనుటలో ఉన్న స్వాతంత్ర్యము పరిమాణమున చిన్నదే. జాతియందు మాత్రము ఇరువదియైదింతల నిధి యిచ్చు స్వాతంత్ర్యముతో సమానమైనది.

కరువు పనిలో నేను గమనించిన వేరొక విశేషము కలదు. బాట ప్రక్కన గుంతలు త్రవ్వునపుడు కొలతకు ఎంత లోతు కావలెనో అంతకే పార ఆగును. అందులో తప్పేమియు లేదు, చేసిన పనికి కొలత, కొలతకు కూలి. తన చేనిలోనే నీటికుంట త్రవ్వునపుడు, అదే యెండ, అదే పార, అదే కూలి అయినను, లోతు జానెడు అధికముగా పోవును. ఆ జానెడు లోతునకు, పనిని చూచు మేటు కొలత పుస్తకమున గడి లేదు. అర్థవంతమైన పని యెట్టిదని ఎవరైనను నన్నడిగినచో ఆ జానెడును చూపుదును.

ఇక రెండవ ప్రక్క. ధనము ఒక్కమారుగా చేతికి వచ్చినచో ఏమగును? 2009 ప్రాంతమున ఈ చిలమత్తూరు, గోరంట్ల మండలములలో 8,844 ఎకరముల భూమిని లేపాక్షి నాలెడ్జ్ హబ్ అను పేర సేకరించి ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించిరి. శాస్త్ర సాంకేతిక పరిశ్రమలు వెలయుననియు, ఇంటింట ఉద్యోగము కలుగుననియు జనులు ఆశపడిరి. పరిశ్రమలు రాలేదు, భూములు బ్యాంకుల తాకట్టులకును, న్యాయస్థానపు వ్యవహారములకును విషయములైనవి. పరిహారముగా వచ్చిన సొమ్ముతో అప్పు తీరినవారుండవచ్చును, ఇల్లు కట్టినవారుండవచ్చును, అది మంచిదే. కాని సొమ్ము ఒకమారు వచ్చి ఒకమారు పోవును, చేను ఏటేట పిలుచును. పదునైన నాటి యుదయమున లేచి పోవుటకు చేను లేని రైతునకు కలుగు శూన్యమును ఏ పరిహారపు పట్టికయు లెక్కింపలేదు. అప్పు లేకున్నను అతడు స్వతంత్రుడు కాడు, ఏలయన స్వాతంత్ర్యము దేనికొరకో ఆ వస్తువే చేజారినది. పని నుండి విడుదలయే స్వాతంత్ర్యమైనచో ఇతడే అందరికంటె స్వతంత్రుడు కావలసియుండెను గదా.

దీనికి ప్రతిగా, ఈ ప్రాంతముననే నేనెరిగిన ఒక వృద్ధుడు కలడు. కొడుకు కార్ల కర్మాగారమున కొలువు సంపాదించి, నాలుగేండ్లలో తండ్రి చేసిన అప్పులన్నియు తీర్చి, ఇక చేనికి పోవద్దని బ్రతిమాలెను. ఆ యేడును జూలైలో వాన పడగనే పెద్దాయన గొర్రు కట్టెను. ఎందుకని నేనడుగగా, "పదునయినంక ఊరికే ఎట్ల కూసుండేది సామీ? చేను మన మొగం సూస్తా ఉంటాది గదా" అనెను. ఆ మాటలో ఆశ లేదు, భయము లేదు. ఆ యేడు పంట పండకున్నను ఇంట పొయ్యి వెలుగును. గీతలోని కర్మయోగి లక్షణములు ఎక్కడ దొరకునని పుస్తకములు వెదకిన నాకు ఆ వృద్ధుడు చేని కంచె ప్రక్కన నిలిచి సమాధానము చెప్పెను. అయితే మరువరాని సంగతి: అతని నిష్కామమునకు కొడుకు జీతము ఆధారము. అప్పున్న నాడు ఆయనయే ఆ చేనినే బెదరుతో విత్తెను.

చిలమత్తూరునకు సమీపముననే లేపాక్షి యున్నది. ధనమునకును పనికిని గల సంబంధమును గూర్చి ఆలోచించువాడు ఆ గుడిలో ఒక దినము గడపవలెను. పదునారవ శతాబ్దిలో, అచ్యుతదేవరాయల కాలమున, విజయనగర ప్రభువుల క్రింద పెనుకొండ సీమలో అధికారము నెరపిన విరూపణ్ణ, ఆయన సోదరుడు వీరణ్ణ ఈ వీరభద్రాలయమును వెలయించిరి. రాజకోశపు ధనమును అనుమతి లేక వెచ్చించెనను నేరము మోపగా విరూపణ్ణ తన కన్నులను తానే పెరికి గోడకు కొట్టెననియు, కల్యాణమంటపము అందుచేతనే అసంపూర్ణముగా నిలిచెననియు జనశ్రుతి. ఆ కథ యథార్థమో కాదో చరిత్రకారులు విచారింతురు గాక. చెక్కిన స్తంభములు కప్పు లేక నిలిచి యుండుట మాత్రము కన్నులకు కనిపించుచున్న సత్యము. ధనము ఆగిన చోట పని ఆగినది. ధనముతో నిమిత్తము లేని పవిత్రకర్మ యొకటి కలదని ఊహించువారికి ఆ స్తంభములే ప్రత్యుత్తరము.

అచ్చటనే వేరొక జనశ్రుతియు కలదు. ఏడు పడగలతో శివలింగమునకు గొడుగు పట్టిన నాగశిల్పము ఆలయ ప్రాంగణమున ప్రసిద్ధము. శిల్పులు పని విరామమున భోజనమునకు రాగా, వంట ఇంకను కాలేదని తల్లి చెప్పెనట. ఊరక కూర్చుండలేక వారు ఎదురుగానున్న బండను మలచుటకు పూనుకొని, అన్నము ఉడుకులోపల ఈ నాగుని పూర్తి చేసిరట. అంత స్వల్పకాలమున ఇంతటి పని సాధ్యమా అను తర్కమును ప్రక్కన బెట్టుదము. జనుల ఊహ ఎందుకీ కథను అల్లెనో అది ముఖ్యము. గుడిలోని శిల్పములన్నింటికిని ఆజ్ఞ యున్నది, వేతనమున్నది, ప్రణాళిక యున్నది. ఈ యొక్కదానికి ఏదియు లేదు. ఆకలి తీరునను నిశ్చయము మాత్రమున్నది. లోపల అన్నము ఉడుకుచున్నది. భోజనము దొరకునో దొరకదో తెలియని చేతులు ఆ వేళ ఉలి పట్టవు, కూటికై వెదకును. భోజనము నిశ్చయమైన చేతులు నిద్రపోవచ్చును గదా, పోలేదు. మన జానపదులు ఆర్థిక స్వాతంత్ర్యమును గూర్చి చేసిన సిద్ధాంతమంతయు ఈ కథలో ఇమిడియున్నది. ఒక్క విచారము నన్ను వదలదు: ఆ విరామము శిల్పులకు దొరకుటకు కారణమైన తల్లికి విరామము లేదు, శిల్పమును లేదు. ఒకరి స్వాతంత్ర్యము క్రింద ఎల్లప్పుడును ఒకరి పొయ్యి మండుచుండును.

అందుచేతనే ఇరువదియైదింతల లెక్క నాకు అసంపూర్ణముగా తోచును. నిధి తనంతట తాను పెరుగదు. షేరు మీద వచ్చు లాభాంశము ఏదో కర్మాగారమున ఎవరో చేసిన పని. అద్దె ఎవరో కష్టించి కట్టినది. వడ్డీ ఎవరి పంటయో. ఒకడు పని నుండి తప్పుకొనగలడు, అందరును ఒక్కమారు తప్పుకొనినచో ఇరువదియైదింతల నిధికి పిడికెడు బియ్యమును రావు. తిరుగుచున్న చక్రమున తన చేయి వేయనివాడు వ్యర్థముగా జీవించుననియు, ఇచ్చినవారికి తిరిగి ఇయ్యక అనుభవించువాడు దొంగయనియు గీతయే కఠినముగా పలుకుచున్నది. అధికముగా కూర్చుకొనుటను గూర్చి మన పొరుగు కన్నడ సీమ శరణులు ఇంకను సూక్ష్మముగా ఆలోచించిరి. పండ్రెండవ శతాబ్దిలో కల్యాణమున బసవేశ్వరుని ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుటయే వృత్తిగా గల మారయ్య ఒకనాడు రోజుకంటె అధికముగా తెచ్చెను. భార్య లక్కమ్మ, ఇది మన శ్రమకు మించినది, ఉన్నచోటనే పోసి రమ్మని అతనిని మరల పంపెను. ఈ దంపతులు గింజలేరి బ్రతుకు నిరుపేదలు. అయినను ఎంత చాలునో నిర్ణయించు అధికారమును ఆ యిల్లాలు ఎవరికిని ఇయ్యలేదు. చేయు పనినే పూజగా, మిగిలినదానిని సంఘమునకు ప్రసాదముగా భావించిన ఆ వీరశైవ సంప్రదాయపు జాడలు ఈ సరిహద్దు పల్లెలలో నేటికిని కలవు. లక్కమ్మ మాటను అప్పులవానికి ఉపదేశముగా చెప్పరాదు. అప్పు తీరినవానికి, నిధి కూడినవానికి, ఇంకను ఎంతయని తనను తాను ప్రశ్నించుకొనువానికి చెప్పవలెను.

మనుష్యుడు ఋషులకు, దేవతలకు, పితరులకు మూడు ఋణములతో పుట్టునని వేదము చెప్పును. చదువు చేత, యజ్ఞము చేత, సంతానము చేత అవి తీరునట. వడ్డీవ్యాపారి పత్రము మీది ఋణమునకును వీనికిని ఎంతటి యంతరము! ఆ పత్రము చింపబడిన నాడు మనుష్యుడు తేలికపడును. ఈ మూడింటి నుండి విడివడినవాడు తేలికపడడు, తెగిపోవును. నేను చెప్పదలచినదంతయు ఇంతే: ధనఋణము నిలిచియున్నంతకాలము మనుష్యుడు తన చేవనంతయు దానికే ధారపోయును, నిజమైన ఋణములు అట్లే యుండిపోవును. పాఠము చెప్పగల గురువు బెదరుతో ట్యూషన్లకు పోవును, పాట కట్టగలవాడు బేల్దారి పనికి పోవును, కూతురిని చదివింపదలచిన తల్లి కూలికి తోడుగా ఆమెను వెంటబెట్టుకొని పోవును. ఆర్థిక స్వాతంత్ర్యము అప్పు నుండి మనలను విడిపించి మనము నిజముగా పడియున్న అప్పుల యెదుట నిలబెట్టును. పని యన్నది వానిని తీర్చు విధము. బెంగుళూరు యువకుడు తన లెక్క పూర్తియైన నాడు ఏమి చేయుదునని చింతించుచున్నచో, ఎవరికి పడియున్నానని మొదట వెదకుట మేలు. దారి తెలియుటకు అంతకంటె సూటియైన ప్రశ్న నాకు దొరకలేదు.

అట్టి వెదకులాటలో చిలమత్తూరు వైపు ఎవరైనను వత్తురేమో. ఈ రహదారికిరువైపుల తోటలకని భూములు కొనుటకు నగరవాసులు వచ్చుచునేయున్నారు; వారు కొనుకొలది భూమి ధర పెరిగి, స్థానికునకు అందని దూరమునకు పోవుచున్నది. భూమి కొననక్కరలేని మార్గమును కలదు. చెన్నేకొత్తపల్లి దాపున 1990లో బంజరుపై మొదలైన టింబక్టు కలెక్టివ్ పెంచిన మహిళా పొదుపు సహకార సంఘములు, ఊరి స్త్రీలు తమ సొమ్మును తామే కూడబెట్టి తమలో తామే అప్పుగా తిప్పుకొనవచ్చునని ఈ సీమలో చూపినవి. విత్తనకాయలకు నూటికి మూడు రూపాయల వడ్డీ లేని చేబదులు ఊరికొకటి ఏర్పడినచో, ఒక్క పంటకాలమున ఒక్కొక్క యింట నిలుచు సొమ్ము తక్కువది కాదు. ఇచ్చినన్ని కాయలే పంటకాలమున తిరిగి పుచ్చుకొను ఏర్పాటైనను చాలును. అయితే ఆ విత్తనము జూన్ నడుమకే ఊరు చేరియుండవలెను. పదును మూడు నాలుగు దినములే నిలుచును. ఐదవనాడు వచ్చిన సాయము కంటె ముందే రైతు వడ్డీవ్యాపారి గడప ఎక్కియుండును.